మార్కులు పెరిగితే ఫెయిల్!

ఏ పరీక్షలోనైనా మార్కులు ఎక్కువొస్తే ఇంట్లో పండగే. ఒక్క పరీక్షలో మాత్రం సున్నా వచ్చినవాడే ఫస్టు. పన్నెండు వచ్చాయంటే బండి తాళాలు ఏడాదిపాటు గోడకు తగిలించాల్సిందే!

ఆ పరీక్ష సంగతి తెలుసుకోవాలంటే జగ్గయ్యపేట వాళ్లు ఎంతో దూరం వెళ్లక్కర్లేదు. జాతీయ రహదారి ఎక్కి హైదరాబాదు వైపు తిరిగితే కాసేపటికే గరికపాడు వస్తుంది. అక్కడ పాలేరు మీది వంతెన దాటితే తెలంగాణ. తారు రోడ్డు అదే, ఎండ అదే, అల్లం టీ రుచీ అదే. లారీ డ్రైవరు గేరు కూడా మార్చడు. కానీ 2017 ఆగస్టు 1న వంతెనకు అవతలి గట్టున ఓ కొత్త పద్దు తెరిచారు. డ్రైవరు చేసిన ఒక్కో తప్పుకీ ఇన్నేసి పాయింట్లని అతని లైసెన్సు మీద రాసే పద్దు. ఇరవై నాలుగు నెలల్లో పన్నెండు పాయింట్లు నిండితే లైసెన్సు ఏడాదిపాటు సస్పెన్షన్. మళ్లీ పన్నెండు నిండితే రెండేళ్లు. ఆ తర్వాత కూడా బుద్ధి రాకపోతే మూడేళ్లు. ఇంకా ఎల్‌ఎల్‌ఆర్ మీదే ఉన్న కుర్రాడికైతే ఐదు పాయింట్లకే అది రద్దు.

పన్నెండంటే చాలా ఉన్నాయిలే అనిపిస్తుంది. నందిగామ గాంధీ సెంటర్లో ఓ పావుగంట నిలబడి చూస్తే ఆ ధీమా కాస్తా పోతుంది. షేర్ ఆటో వెనక సీటు నిండిపోయింది. అయినా కేక ఆగదు. ‘‘రండి బాబాయ్, ముందు సీటు ఖాళీ!’’ ముందు సీటంటే ఏమిటి? డ్రైవరు కూర్చునేదే! బాబాయ్ ఓ పక్క సర్దుకుంటాడు. ఇంకెవరో రెండో పక్క వేలాడతారు. మధ్యలో డ్రైవరు హ్యాండిల్ అందీ అందనట్టు ఒంటి తుంటి మీద కూర్చుని బండి నడుపుతాడు. ఇదే దృశ్యం వంతెనకు అవతల కోదాడలో కనిపిస్తే ఆ పద్దు ప్రకారం ఒక పాయింటు.

డీజిలు దండగని రాంగ్ రూట్లో దూరితే రెండు. ఫోను చెవికి, భుజానికి మధ్య ఇరికించి మాట్లాడితే రెండు. హెల్మెట్ లేకపోతే ఒకటి, సీటు బెల్టు పెట్టుకోకపోయినా ఒకటే. బీమా లేని బండికి రెండు. వేగం పరిమితిని దాటితే రెండు, నలభై కిలోమీటర్లకు మించి దాటితే మూడు. సరుకు రవాణా బండిలో మనుషులను ఎక్కిస్తే రెండు. ఇక మందు సంగతి. తాగి బైకు నడిపితే మూడు, కారో లారీయో అయితే నాలుగు. ప్రయాణికులను ఎక్కించుకునే ఆటో, క్యాబ్, బస్సు డ్రైవరు తాగి దొరికితే ఐదు. తన ప్రాణంతో పాటు వెనక కూర్చున్నవాళ్ల ప్రాణాలు కూడా అతని చేతిలో ఉన్నాయి కాబట్టి ఆ తేడా.

ఒక ఆటో డ్రైవరు రెండేళ్లలో ఒకసారి తాగి దొరికాడనుకుందాం. ఐదు. రెండుసార్లు ఫోను మాట్లాడుతూ పట్టుబడ్డాడు. నాలుగు. ఒకసారి రాంగ్ రూట్. రెండు. మొత్తం పదకొండు. ఇక ముందు సీట్లో బాబాయ్ ఎక్కి కూర్చుంటే చాలు, పన్నెండు పూర్తి! పది రూపాయలిచ్చే ప్యాసింజరు కోసం ఏడాది సంపాదన పోయినట్టే.

అయితే ఇలాంటి పద్ధతిలో అసలు విషయం పన్నెండో పాయింటులో లేదు, పదకొండో దాంట్లో ఉంది. పదకొండు పాయింట్లున్న డ్రైవరు ముందు సీటు ఖాళీ అని కేక వెయ్యడు. లైసెన్సు జేబులోనే ఉంది, కానీ ఒక్క తప్పుతో పోతుందని అతనికి తెలుసు. జరిమానాకి ఆ శక్తి లేదు. వెయ్యి రూపాయలు కడితే లెక్క అక్కడితో సరి. మర్నాడు పొద్దున్న మళ్లీ మొదటి తప్పే. పైగా చాలాసార్లు ఆ వెయ్యి కట్టేది డ్రైవరు కూడా కాదు, లారీ ఓనరో, బైకు కొనిచ్చిన నాన్నో. పాయింటును మాత్రం నాన్న కట్టలేడు. అది ఎవరి లైసెన్సు మీద పడితే వాళ్లదే.

ఈ లెక్క తెలంగాణ వాళ్లు కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో మూడేళ్లలో పన్నెండు పాయింట్లయితే సాధారణంగా కనీసం ఆరు నెలలు బండి ముట్టకూడదు. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లకు మొదటి రెండేళ్లలో ఆరు పాయింట్లకే లైసెన్సు పోతుంది, మళ్లీ పరీక్షలు రాసి తెచ్చుకోవాల్సిందే. చదువుకోవడానికి అక్కడికెళ్లి సెకండ్‌హ్యాండ్ కారు కొనుక్కునే మన పిల్లలు ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇదే. జర్మనీలో 2014 నుంచి ఎనిమిది పాయింట్లకే లైసెన్సు రద్దు. దుబాయ్‌తో సహా ఎమిరేట్స్ అంతటా వీటిని బ్లాక్ పాయింట్లంటారు, అక్కడ హద్దు ఇరవై నాలుగు. ఇటలీ వాళ్లది తిరగేసిన లెక్క. 2003 నుంచి ప్రతి డ్రైవరుకూ ముందే ఇరవై పాయింట్లు ఇచ్చి, తప్పు చేసినప్పుడల్లా కోసేస్తూ వస్తారు. బుద్ధిగా నడిపేవాడికి రెండేళ్లకోసారి రెండు పాయింట్లు కలుపుతారు కూడా. అలా ముప్పై దాకా కూడబెట్టుకోవచ్చు. కిరాణా కొట్లో ఖాతాకీ, బ్యాంకులో డిపాజిట్‌కీ ఉన్న తేడా లాంటిదిది. మనస్తత్వం తెలిసినవాళ్లు చేసిన పని!

మరి పాలేరుకు ఇవతలి గట్టున ఏమిటి? జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండి, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారింది గానీ బండి నడిపేవాళ్ల తీరు మారలేదు. ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ తరహా పాయింట్ల పద్దు పెట్టలేదు. అది విని ‘హమ్మయ్య’ అనుకునేవాళ్లు కొంచెం ఆగాలి.

రోడ్డు భద్రత మీద సుప్రీంకోర్టు వేసిన కమిటీ 2015లోనే అన్ని రాష్ట్రాలకూ ఒక మాట చెప్పింది. మితిమీరిన వేగం, సిగ్నల్ జంపింగ్, తాగి నడపడం, నడుపుతూ ఫోను మాట్లాడటం, సరుకు బండ్లలో అధిక లోడు, మనుషులను ఎక్కించడం... వీటిలో ఏది చేసినా లైసెన్సును మూడు నెలలకు తగ్గకుండా సస్పెండ్ చేయాలని. 2019లో పార్లమెంటు మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు అందరూ జరిమానాల గురించే మాట్లాడుకున్నారు. పదివేలట, పాతికవేలట అని టీ కొట్ల దగ్గర ఒకటే గోల. లైసెన్సు గురించి అదే చట్టంలో రాసిన నాలుగు ముక్కలు ఎవరి కంటా పడలేదు. అతి వేగం, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, బైకు మీద ముగ్గురు ఎక్కడం, హెల్మెట్ లేకపోవడం, అంబులెన్సుకు దారి ఇవ్వకపోవడం... ఇలాంటి తప్పులకు పోలీసు అధికారి లైసెన్సు తీసుకుని రవాణా శాఖకు పంపాలి. అక్కడ విచారించి, తప్పు రుజువైతే మొదటిసారి మూడు నెలలు సస్పెన్షన్. రెండోసారి అయితే ఏకంగా రద్దు. మూడు నెలలు గడిచాక కూడా లైసెన్సు ఊరికే చేతికి రాదు. డ్రైవింగ్ మీద మళ్లీ శిక్షణ తీసుకోవాలన్నది చట్టంలోని మాట.

ఇప్పుడు రెండు గట్ల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. తెలంగాణ పద్దు ప్రకారం హెల్మెట్ లేకపోతే ఒక పాయింటు. ఆ ఒక్క తప్పుతోనే లైసెన్సు పోవాలంటే రెండేళ్లలో పన్నెండుసార్లు దొరకాలి. కేంద్ర చట్టం ప్రకారమైతే వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు అనర్హత. ఒక్కసారికే! ముక్త్యాల రోడ్డు మీద పాలప్యాకెట్ కోసం బైకు తీసిన పెద్దమనిషి దగ్గర్నుంచి అందరికీ అదే శిక్ష. దీన్ని అక్షరాలా అమలు చేస్తే ఏ ఊళ్లోనైనా వారం తిరిగేసరికి సగం బైకులు ఇళ్ల ముందే ఉంటాయి. అందుకే అక్షరాలా అమలు కాదు. వెయ్యి రూపాయల చలానా రాసి పంపించేస్తుంటారు. తీరా ఎప్పుడో ప్రత్యేక తనిఖీలు మొదలైనప్పుడు, ఆ రోజు ఆ దారిన వచ్చినవాడి లైసెన్సు పోతుంది. అతని ముందు వెళ్లిన వందమందిదీ అదే తప్పు. అతను మాత్రం ‘నాకేనా?’ అంటాడు. సమాధానం చెప్పడం కష్టమే. పెద్ద శిక్షను అప్పుడప్పుడూ వెయ్యడం కన్నా, చిన్న శిక్షను ప్రతిసారీ రాసిపెట్టడం మేలని అనుభవం ఉన్న ఏ బడిపంతులునడిగినా చెబుతాడు.

అలాగని లైసెన్సు తీసుకోవడమే అన్యాయం అనేవాళ్లు ఈ రోడ్డు చరిత్ర ఒకసారి గుర్తుచేసుకోవాలి. మల్కాపురం నుంచి నందిగామ దాకా 2012లో నాలుగు వరుసల రహదారి వచ్చింది. ప్రయాణం హాయి అయింది, వేగం కూడా పెరిగింది. 2017 ఫిబ్రవరి 28న పెనుగంచిప్రోలు మండలం ముళ్లపాడు దగ్గర తెల్లవారుజామున ఓ ప్రైవేటు బస్సు కల్వర్టులో పడి ప్రయాణికులు చనిపోయారు, డ్రైవరూ పోయాడు. 2020 జూన్ 17న వేదాద్రి నరసింహస్వామిని దర్శించుకుని ట్రాక్టరులో ఇంటికి తిరిగి వెళుతున్న ఖమ్మం జిల్లా పల్లెవాసులను జగ్గయ్యపేట దగ్గర లారీ ఢీకొంది. పదిమందికి పైగా చనిపోయారు. పొద్దున్న మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరిన కుటుంబాలవి.

ట్రాక్టరు ట్రక్కులో మనుషులు! ఈ మెట్ట ప్రాంతంలో అది తప్పని ఎవరికీ అనిపించదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు వెళ్లాలన్నా, మిర్చి కోతలకు కూలీలు పొలం చేరాలన్నా ట్రాక్టరో, ట్రక్కు ఆటోనే దిక్కు. ఆ వేళకు ఆ పల్లెకు బస్సుండదు. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం లైసెన్సు సస్పెన్షన్‌కు కారణమవుతుందని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. తెలంగాణ పద్దులో అదే రెండు పాయింట్లు. కూలీలను అలా తీసుకెళ్లే డ్రైవరు తప్పు చేస్తున్నాడు, నిజమే. కానీ పొద్దున్నే వేళకు ఒక్క బస్సు నడపని ఆర్టీసీ లైసెన్సు మీద పాయింట్లు ఎవరు వేస్తారు?

లైసెన్సు పోవడమంటే అందరికీ ఒకటే కాదు కూడా. సొంత కారున్న ఉద్యోగికి మూడు నెలలు బస్సెక్కడం నామోషీ, అంతే. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి, దాని చుట్టూ సిమెంటు. జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ ఫ్యాక్టరీలున్నాయి. వాటికి సరుకు తెచ్చే లారీలు, సిమెంటు మోసుకెళ్లే లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. ఆ డ్రైవర్లలో చాలామంది చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లే. వాళ్లకు డిగ్రీ పట్టా, ఉద్యోగం ఆర్డరు, పొలం కాగితం అన్నీ ఆ చిన్న కార్డే. అది మూడు నెలలు లేకపోతే ట్రిప్పు లేదు, బత్తా లేదు. ఇంటద్దె, పిల్లల ఫీజు మాత్రం ఆగవు. ఆటో సొంతమైతే ఫైనాన్స్ వాయిదా కూడా ఉంటుంది. అది తప్పితే ఈసారి ఆటోనే పోతుంది.

అందుకే కొందరు ‘ఎవరు చూస్తార్లే’ అని సస్పెన్షన్‌లోనే నడిపేస్తారు. ఇది మొదటి తప్పు కన్నా పెద్దది. అనర్హత ఉన్న కాలంలో నడిపి దొరికితే మూడు నెలల దాకా జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. అప్పుడు ప్రమాదం జరిగితే ఇంకా చిక్కు. చెల్లే లైసెన్సు లేని డ్రైవరుకు తెలిసి బండి ఇచ్చాడని తేలితే, బీమా కంపెనీ బాధితుడికి కట్టిన పరిహారాన్ని బండి యజమాని దగ్గర రాబట్టుకునే వీలుంటుంది. రాత్రి ట్రిప్పు ఒప్పుకునే ముందు ఓనరు, డ్రైవరు ఇద్దరూ ఈ సంగతి ఆలోచించుకోవాలి.

ఇక రాకముందే పోయే లైసెన్సు కూడా ఒకటుంది. ఇంటర్ చదివే అబ్బాయికి నాన్న బైకు ఇచ్చి కాలేజీకి పంపుతాడు. ఇప్పటి చట్టం ప్రకారం మైనరు బండి నడిపి తప్పు చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల వరకూ జైలు, పాతికవేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ అబ్బాయికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇరవై రెండేళ్లకు ఇంజినీరింగ్ అయిపోయి ఉద్యోగం వచ్చినా బైకు మీద వెనక సీటే గతి!

ఇన్ని నిబంధనలున్నా పద్దు సరిగ్గా నడవకపోవడానికి ఒక చిన్న కారణముంది. కెమెరాకు నంబరు ప్లేటు కనిపిస్తుంది, లైసెన్సు కనిపించదు. చలానా బండి మీద పడుతుంది. పాయింటు గానీ సస్పెన్షన్ గానీ పడాలంటే ఆ సమయానికి నడిపిందెవరో తెలియాలి. అంటే పోలీసు బండిని ఆపాలి, లైసెన్సు అడగాలి, వివరాలు రాసుకోవాలి. కెమెరాల సంఖ్య పెరిగేకొద్దీ ఆపడం తగ్గింది. చలానాలు వేలల్లో పెరిగాయి, లైసెన్సుల లెక్క మాత్రం వెనకబడింది. తెలంగాణలో మొదట్లో ఉన్న హడావుడి తర్వాత అంతగా కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణమే అనుకోవాలి. దేశమంతటా పాయింట్ల పద్ధతి తెచ్చే ఆలోచనలో కేంద్రం ఉందని 2025లో మళ్లీ వార్తలొచ్చాయి. వచ్చినా ముందు తేల్చాల్సింది ఈ చిక్కే. పాలేరు అవతల పడ్డ పాయింటు ఇవతల చెల్లకపోతే గరికపాడు దాటగానే అందరూ బుద్ధిమంతులే!

ఒకవేళ లైసెన్సు సస్పెన్షన్ మాట వచ్చిందా, కంగారులో బ్రోకరు దగ్గరికి పరిగెత్తక్కర్లేదు. సస్పెండ్ చేసే ముందు అధికారి మీ వాదన వినాలి. కారణాలు రాసి మరీ ఉత్తర్వు ఇవ్వాలి. అది మీకు న్యాయం అనిపించకపోతే అందిన ముప్పై రోజుల్లోగా పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఇదంతా చట్టంలోనే ఉంది. చాలామంది ఈ అవకాశాన్ని పోగొట్టుకునేది నోటీసు అందకే. పెళ్లికి ముందు సొంతూరి చిరునామాతో తీసుకున్న లైసెన్సు అది. మనిషి నందిగామకు మారి పదేళ్లయింది. కవరు ఆ ఊరికి వెళ్లి, తలుపు తాళం చూసి వెనక్కి పోతుంది. లైసెన్సులో చిరునామా, ఫోను నంబరు మార్పించుకోవడం గంట పని. బైకు అమ్మేసినవాళ్లు పేరు మార్పించడం కూడా అంతే. కొన్నవాడు ముగ్గురిని ఎక్కించుకుని తిరుగుతుంటే చలానాలు అమ్మినవాడి ఫోనుకే వస్తాయి.

చలానా వచ్చిన రోజు ఇంట్లో జరిగే విచారణ ముందు ఆర్టీవో ఆఫీసు ఎందుకూ పనికిరాదు. బండి నాన్న పేరున ఉంటుంది. నడిపేది నాన్న, పెద్దవాడు, పండక్కొచ్చిన బావమరిది. హెల్మెట్ లేదు, జరిమానా వెయ్యి, కింద తారీఖు, సమయం, ఓ ఫొటో. ‘‘ఆ రోజు నేను ఊళ్లోనే లేను’’ అంటాడు నాన్న. ‘‘నేను కాలేజీలో ఉన్నా’’ అంటాడు పెద్దవాడు. బావమరిది అప్పటికే బస్టాండుకు బయల్దేరతాడు. ఫొటోలో మొహం కనిపించదు. నంబరు ప్లేటు, ఒక వీపు, దాని మీద గళ్ల చొక్కా. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఫోను దగ్గరగా తీసుకుంటుంది.

‘‘ఈ చొక్కా నిన్ననే ఉతికాను’’ అంటుంది పెద్దవాడి వైపు చూస్తూ.